తడిసినా తెల్లారేసరికి ఆరాలె: పాలమూరు, నల్గొండ వానలకు బట్టల ఎంపిక

మహబూబ్‌నగర్, నల్గొండ వైపు వానలకు ఒక తీరు ఉంది. మృగశిర నుంచి పుష్యమి దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై ఆఖరు వరకు, పగలంతా ఉక్కపోసి సాయంత్రం గంటసేపు దంచికొడుతుంది. తెల్లారి మళ్లీ ఎండే. ఆశ్లేష, మఖ కార్తెల్లో ముసురు పట్టుకుంటే వాన పెద్దగా ఉండదు గానీ దండెం మీద బట్ట రెండు మూడు రోజులు ఆరదు. రాష్ట్రంలో వాన తక్కువ పడే ప్రాంతమే ఇది. అయినా తడిబట్టల వాసన, ఎర్రమట్టి మరకలు, తొడల మధ్య ఒరుపు ఏ ఇంట్లోనూ తప్పట్లేదు. ఎందుకంటే కొనేటప్పుడు అందరం ‘నీళ్లు లోపలికి దిగుతాయా’ అనే చూస్తాం. ‘తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది’ అని అడిగేవాళ్లు అరుదు. ఈ ఉక్కపోతలో నిలువెల్లా ప్లాస్టిక్ చుట్టుకుంటే వాన తడపకున్నా చెమట తడుపుతుంది. రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే పొద్దున ఏడింటికి వేసుకోగలిగిన బట్టే ఇక్కడి వానాకాలానికి పనికొచ్చే బట్ట. కింద చెప్పేవన్నీ ఆ లెక్కతోనే.

1. ముందు మీరు ఎక్కడ తడుస్తారో చూసుకోండి

బస్సులో పోయేవాళ్లకు తడిచేది మోకాళ్ల కింద, గొడుగు అందని ఒక భుజం. వీళ్లకు రెయిన్‌కోటు కన్నా మంచి గొడుగు, పొట్టి అంచు ఉన్న ప్యాంటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు ముఖ్యం. బండి మీద పోయేవాళ్లకు ఛాతీ, తొడలు, కాలి మడమలు తడుస్తాయి. వీళ్లకు కోటూ ప్యాంటూ రెండూ ఉండాల్సిందే. పొలం పనికి పోయేవాళ్లకు తడి ఎలాగూ తప్పదు, అక్కడ చూడాల్సింది ఒంట్లో వేడి నిలవడం, బట్ట కాళ్లకు అడ్డం పడకపోవడం. బడిపిల్లలకు మాత్రం మరో మాట లేదు: యూనిఫాం మూడు జతలు. రెండు జతలతో ముసురు వారం గడవదు.

2. బట్ట ఎంచుకోవడం

పని అంతా ఇక్కడే ఉంది, కాబట్టి తీరిగ్గా చూద్దాం.

నూలు దారం నీటిని తన లోపలికి పీల్చుకుంటుంది. పాలిస్టర్ దారం దాదాపు పీల్చదు, నీళ్లు దారాల మధ్య సందుల్లో మాత్రమే నిలుస్తాయి. అందుకే పిండి దులిపితే పాలిస్టర్ తడి సగం అక్కడే పోతుంది. అలాగని నూరు శాతం పాలిస్టర్ వేసుకుంటే ఉక్కపోతలో చెమట ఒంటికి అంటుకుపోతుంది, వాసనా పట్టేస్తుంది. బయట తిరిగే రోజులకు పాత టెర్రికాటనే నయం: 65 శాతం పాలిస్టర్, 35 శాతం నూలు. ఆఫీసు చొక్కాలు, స్కూలు యూనిఫాంలు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. ఇంటి పట్టున ఉండే రోజుకు పల్చటి కాటన్ వాయిల్, మల్ బాగుంటాయి.

లేబుల్ మీద జీఎస్‌ఎం అని ఉంటే చూడండి. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. చొక్కాకు 100 నుంచి 130, కుర్తీకి 140 లోపు చాలు. టీషర్టు 180 దాటితే వానాకాలంలో వద్దు. జీన్సు బట్ట 12 ఔన్సులదైతే చదరపు మీటరుకు 400 గ్రాముల దాకా ఉంటుంది. తడిసిన జీన్సు నడుము పట్టీ, జేబుల దగ్గర, బట్ట నాలుగైదు పొరలుగా ఉన్నచోట, ముసురులో రెండో రోజుక్కూడా చల్లగానే తగులుతుంది. కాలేజీ పిల్లలు జీన్సు మానరు, ఆ సంగతి తెలిసిందే. మానకపోతే కనీసం సాగే పల్చటి రకం తీసుకుని, మడమ పైకి మడిచి వేసుకోవాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. వంటింటి తక్కెడ ఉంటే చాలు. బీరువాలోంచి ఒక చొక్కా, ఒక టీషర్టు, ఒక కుర్తీ తీసి పొడిగా తూచండి. బకెట్లో పది నిమిషాలు నాననిచ్చి, చేత్తో గట్టిగా పిండి మళ్లీ తూచండి. తడి బరువు పొడి బరువుకు ఒకటిన్నర రెట్లలోపు ఉంటే ఆ బట్ట నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండింతలు అయితే ఎండ కాసే రోజుల్లోనే. అంతకు మించితే దసరా దాకా మడతపెట్టేయండి. దుకాణంలో వేలాడే సరుకు చూసి మోసపోయే పని ఈ ఒక్క పరీక్షతో సగం తగ్గుతుంది, ఎందుకంటే మీకు ఏ రకం బట్ట సరిపడుతుందో చేతికే తెలిసిపోతుంది.

రేయాన్ గురించి విడిగా చెప్పాలి. నల్గొండ ప్రకాశం బజార్ మొదలు పాలమూరు దుకాణాల దాకా తక్కువ ధర కుర్తీల్లో ఎక్కువ భాగం రేయానే. మెత్తగా జారుతుంది, చూడను బాగుంటుంది, వేసవికి మంచిదే. వానలో మాత్రం మూడు తంటాలు. నూలు కంటే ఎక్కువ నీళ్లు పీలుస్తుంది. తడిస్తే దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది, గట్టిగా పిండితే చంకలో కుట్టు దగ్గర చిరుగుతుంది. తడి బరువుకు కిందికి సాగి, ఆరాక ముడుచుకుపోయి అంచు వంకర తిరుగుతుంది. నూలు దీనికి తలకిందులు, తడిస్తే దారం ఇంకా గట్టిపడుతుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి లోపలి కుట్టు అంచులోంచి ఒక దారం పోగు లాగి, నడుమ నాలుకతో తడిపి రెండు కొసలూ పట్టి లాగండి. తడిచోటే పుటుక్కున తెగితే రేయాన్. తడిచోటు నిలబడి పొడిచోట తెగితే నూలు. ఎంత లాగినా సాగుతూ తెగకపోతే పాలిస్టర్.

లైనింగ్ కూడా అడగండి. పైబట్ట జార్జెట్ అయి గంటలో ఆరినా, లోపల కాటన్ లైనింగ్ వేస్తే ఆరేది లైనింగ్ లెక్కనే. కుట్టించుకునేటప్పుడు పల్చటి క్రేప్ లైనింగ్ వేయమనండి. లేదంటే లైనింగ్ లేకుండా కుట్టించి, లోపల విడిగా షమీజ్ వేసుకుంటే రెండూ వేర్వేరుగా ఆరతాయి.

3. రంగు, పువ్వులు, గీతలు

తెల్లబట్ట, లేత గులాబీ, లేత పసుపు తడిస్తే ఒళ్లు కనిపిస్తుంది. దారాల నడుమ గాలి ఉన్నచోట నీరు చేరి వెలుతురు లోపలికి పోనివ్వడమే కారణం. కొనేటప్పుడు బట్ట కింద అరచేయి పెట్టి, పైన కాస్త నీళ్లద్దండి. చేతిగీతలు కనిపిస్తే అది బయటికి పనికిరాదు.

పూర్తి నలుపు, ముదురు నీలం అన్నిటినీ దాచేస్తాయనుకుంటారు. ఎండిన ఎర్రమట్టి చుక్కలు నల్లప్యాంటు మీదే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బూడిదరంగు ఇంకా అన్యాయం, ఒక్క చినుకు పడ్డా ముదురు మచ్చ. మన నేలకు ఒదిగేవి నడిమి రంగులు: ఇటుక, ఆవ, గోధుమ, ఆలివ్, నేరేడు. చిన్న పువ్వులు, సన్నగళ్లు, చుక్కలు ఉంటే చిమ్మిన బురద వాటిలో కలిసిపోతుంది. అందం కావాలంటే పైబట్ట ముదురు నేరేడో నెమలి నీలమో వేసి, కింద ఇటుకరంగు, మట్టిరంగు వేయండి. బురద పడేది కిందే కదా. మబ్బు పట్టిన వెలుతురులో అన్ని రంగులూ ఒక మెట్టు మసకగా కనబడతాయి, అందుకే చున్నీ, రుమాలు, గొడుగుల్లో ఒక్కటైనా నిండురంగు ఉంటే మనిషి కళగా కనిపిస్తాడు. బండి నడిపేవాళ్లకు దాంతో ప్రాణానికీ రక్ష.

4. కొలతలు, కుట్టు

టైలర్‌కు ఇచ్చే ముందు కాటన్ బట్టను మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాటన్ మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ముడుచుకోవచ్చు. అది కుట్టకముందే ముడుచుకోవాలి. కొనేటప్పుడే పావు మీటరు అదనంగా తీసుకోండి.

ప్యాంటు, సల్వార్ అంచు మడమ ఎముకకు ఒక అంగుళం పైన ఆగాలి. అంతకు దిగితే అంచు తడి పీల్చుకుని మోకాలిదాకా ఎక్కిస్తుంది. పలాజో, బెల్‌బాటం ఈ కాలానికి వద్దు. లెగ్గింగ్ ఒంటికి అతుక్కుని ఆరదు. మరీ వదులూ మరీ బిగుతూ కాకుండా నిటారుగా దిగే సిగరెట్ ప్యాంటు, మడమ దగ్గర ఐదారు అంగుళాల వెడల్పుతో, చూపుకూ నడకకూ బాగుంటుంది. కుర్తీ మోకాలిదాకా చాలు. పక్క చీలిక నడుము కింద నాలుగు అంగుళాల నుంచి మొదలైతే బండి ఎక్కినప్పుడు లాగదు. చీర కట్టేవాళ్లు కుచ్చిళ్లు రెండు అంగుళాలు పైకి దోపుకుని, ఫాల్ పాలిస్టర్‌ది వేయించుకోవాలి. కాటన్ ఫాల్ నీళ్లు మోస్తుంది, ఆరాక ముడుచుకుని చీర అంచును లాగేస్తుంది.

నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కోవడం చూస్తుంటాం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు ఇది మామూలే. ఆ చొక్కా టెర్రికాటన్‌ది, చేతులు నిండుగా ఉన్నది, రెండు సైజులు వదులైనది అయితే తడి తొందరగా జారిపోతుంది, వరి ఆకు గీరుకోదు. పైన కప్పుకోవడానికి యూరియా సంచి కొప్పెర అందరికీ తెలిసిందే. మేకలు, గొర్లు కాసేవాళ్ల గొంగడి మాత్రం ఇప్పటికీ దానికంటే తెలివైన ఏర్పాటు. దక్కనీ గొర్రెల ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు, తడిసినా వెచ్చగానే ఉంటుంది. చింతగింజల గంజి పట్టించిన గొంగడి మీద చినుకు జారిపోతుంది. బరువు, ఆరడానికి పట్టే కాలం దాని లోపాలు, బండి మీద అసలు పనికిరాదు.

5. రెయిన్‌కోటు

దుకాణంలో దొరికేవి స్థూలంగా మూడు. అగ్గువ పీవీసీ కోటు: నీళ్లు దిగవు, గాలీ ఆడదు. సీటు కింద వేడికి మడతలు అతుక్కుపోతాయి, తరువాత మడత గీత మీదే పగుళ్లు వస్తాయి. రెండోది నైలాన్ లేదా పాలిస్టర్ బట్టకు లోపల పూత వేసినది. రోజూ బండి నడిపేవాళ్లకు ఇదే. మూడోది పోంచో, తలలోంచి తొడుక్కునేది. నడిచేవాళ్లకు చల్లగా, హాయిగా ఉంటుంది. బండి మీద మాత్రం గాలికి పైకి లేచి ముఖాన కొడుతుంది, చైనులో చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఉంది. చున్నీ, కొంగుల సంగతీ అంతే. కోటు లోపల ముడి వేసుకున్నాకే బండి ఎక్కాలి.

లేబుల్ మీద 1500 ఎంఎం, 5000 ఎంఎం, 10000 ఎంఎం అని రాసి ఉంటే అది బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పే కొలత. నడకకు 1500 నుంచి 3000 చాలు. బండి మీద గాలి వేగానికి చినుకు గుచ్చుతుంది, తొడలు సీటుకు ఒత్తుకుంటాయి, కాబట్టి 5000కు తగ్గొద్దు. ఈ అంకె లేని సరుకే మన ఊళ్లలో ఎక్కువ. అప్పుడు కుట్లు చూడండి. కోటును తిరగేస్తే ప్రతి కుట్టు మీదా వేడితో అతికించిన టేపు ఉండాలి. సూది గుచ్చిన ప్రతి చిల్లూ నీళ్లకు దారే. టేపు లేకపోతే బట్ట ఎంత మంచిదైనా భుజం కుట్టులోంచి కారుతుంది.

నీళ్లు ఎక్కువగా దిగేది కాళ్ల సందు కుట్టు దగ్గర. బండి మీద కూర్చుంటే ఒళ్లో చిన్న గుంట పడి నీళ్లు నిలుస్తాయి, అదే చోట కుట్టు సాగి నోరు తెరుస్తుంది. అందుకని కొనేముందు ప్యాంటు తొడుక్కుని కూర్చుని చూడండి, నిలబడి కాదు. బిగుతుగా ఉంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. కోటు పొడవు కూర్చున్నప్పుడు తొడల సగం దాకా రావాలి. జిప్పు మీద మూత రెండు పొరలుగా ఉండి, వెల్‌క్రో గానీ బటన్లు గానీ ఉండాలి. ఒట్టి జిప్పులోంచి నీళ్లు నేరుగా పొట్టమీదికి వస్తాయి. చేతి అంచులో లోపల ఎలాస్టిక్ ఉందా చూడండి. ప్యాంటు కింది అంచుకు బిగించే పట్టీ ఉండాలి. లేకపోతే కుడికాలి అంచు ఊగుతూ సైలెన్సర్‌కు తగిలి కరిగి అతుక్కుంటుంది. పాత రెయిన్‌ప్యాంట్లలో కుడి మడమ దగ్గర ఆ కాలిన చిల్లు లేనివి వెతికినా దొరకవు.

టోపీ సంగతి. హెల్మెట్ పెట్టుకున్నాక కోటు టోపీని వీపు మీద వదిలేస్తే అది దొప్పలా నీళ్లు నింపుకుని, దిగగానే మెడలో పోస్తుంది. కాలర్ లోపలికి మడిచేయండి, లేదా విడదీసుకునే టోపీ ఉన్నదే కొనండి. చంకల కింద, వీపు మీద గాలి పోయే జాలీ ఉంటే ఉక్కపోతకు ఎంతో మేలు. ఛాతీ, వీపు, చేతుల మీద వెలుతురు పడితే మెరిసే పట్టీ కనీసం రెండు వేళ్ల వెడల్పు ఉండాలి. నల్గొండ నుంచి దేవరకొండ రోడ్డు లాంటి చోట్ల సాయంత్రం వానలో ఎదురు లారీకి మీ నల్లకోటు కనపడదు.

ఇంటికి తెచ్చాక వేసుకోకముందే పరీక్ష చేయండి. భుజం కుట్టు ఉన్న భాగాన్ని గిన్నె మీద దొప్పగా పరచి, అర గ్లాసు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. అడుగున కాగితం పెట్టి బొటనవేలితో కుట్టును నొక్కండి. కాగితం తడిస్తే తిరిగిచ్చేయండి. కాళ్ల సందు దగ్గర కూడా ఇలాగే. బిల్లు దాచుకోండి, లేబుల్ పట్టీ కత్తిరించకండి.

వాడాక తడికోటును డిక్కీలో కుక్కి మరిచిపోవడమే దాని ఆయుష్షు తీసేది. తడీ వేడీ కలిస్తే లోపలి పూత జిగురెక్కి పొరలుగా ఊడుతుంది. దులిపి నీడలో వేలాడదీయాలి. వాషింగ్ మెషిన్, ఇస్త్రీ రెండూ వద్దు. బురద పడితే తడిగుడ్డతో తుడిస్తే చాలు.

గొడుగు విషయం తొందరగా తేల్చేస్తాం: కమ్మీలు ఎనిమిదికి తగ్గొద్దు, ఫైబర్ కమ్మీలైతే గాలికి తిరగబడినా విరగవు. మూడు మడతల చిన్నగొడుగు బ్యాగులో పడుతుంది గానీ ఈదురుగాలి వానకు నిలబడేది నిలువు గొడుగే.

6. చెప్పులు

వెనకాల ప్యాంటు మీద, చీర మీద మడమ నుంచి నడుము దాకా పడే బురద చుక్కలకు కారణం హవాయి చెప్పులే. అడుగు ఎత్తినప్పుడు మడమ దగ్గర చెప్పు కిందికి జారి, తరువాత టప్పున పైకి కొట్టి నీళ్లను వెనక్కి చిమ్ముతుంది. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్ వేస్తే బట్టల మీద మరకలు చాలామటుకు తగ్గుతాయి. ఈ ఒక్క మార్పుతో ఉతుకుడు సగం తగ్గుతుంది.

అడుగున గాడులు లోతుగా ఉన్న రబ్బరు సోలు తీసుకోండి. అరిగి నున్నబడిన చెప్పు గ్రానైట్ మెట్ల మీద, బస్టాండు టైల్స్ మీద జారుతుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో నడిచేవాళ్లకు మాత్రం లోతు గాడులు ఇబ్బందే, మట్టి ముద్దలై నిండిపోతుంది. వాళ్లకు గాడులు వెడల్పుగా, దూరం దూరంగా ఉన్నవి కావాలి. తోలు బూట్లు, గుడ్డ బూట్లు ఈ మూడు నెలలూ పక్కనపెట్టండి. బడిపిల్లల బూట్లు తడిస్తే లోపలి అట్ట తీసి, పాత పేపర్లు కుక్కి, రెండు మూడు గంటలకోసారి పేపరు మార్చండి. పొయ్యి దగ్గర ఆరబెడితే జిగురు ఊడుతుంది.

మన్ననూరు మీదుగా నల్లమల వైపు, మల్లెలతీర్థం జలపాతం లాంటి చోట్లకు పోయేవాళ్లు అందం కోసం జీన్సు వేసుకోకండి. ఆరే ట్రాక్‌ప్యాంటు, నిండు చేతుల చొక్కా, పట్టున్న బూట్లు, బ్యాగులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి జత. అక్కడి మెట్ల మీద పాచి ఉంటుంది.

7. లోపలి బట్టలు, ఒంటి సంగతి

బనీను, లోదుస్తులు ఎనిమిది జతల దాకా ఉంచుకోవాలి. సగం ఆరినవి వేసుకుంటే గజ్జల్లో తామర తొందరగా పట్టుకుంటుంది. కాళ్ల వేళ్ల సందులు తెల్లగా నానితే ఇంటికి రాగానే పొడిగుడ్డతో ఒక్కో సందూ తుడుచుకోవాలి. తామర వస్తే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన మలాం రాయకండి, మొదట తగ్గినట్టు కనిపించి తరువాత విస్తరిస్తుంది. డాక్టరుకు చూపించండి. తామర ఉన్నవాళ్ల తువ్వాల, బట్టలు వేడినీళ్లలో విడిగా ఉతకాలి.

8. పండుగ బట్టలు, చేనేత

ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో వరలక్ష్మి వ్రతం, పెళ్లిళ్లు, ఆ వెంటనే వినాయక చవితి. మంచిచీర తీయాల్సిన రోజులన్నీ వానల్లోనే పడతాయి. చేనేతకు మనకు కొరత లేదు, ఏది ఎప్పుడు కట్టాలన్నదే లెక్క.

నారాయణపేట కాటన్ చీర వానకు బాగా ఒదుగుతుంది. గళ్లు, ముదురు అంచు, పల్చటి నేత. బురద పడినా అంచులో కలిసిపోతుంది, తడిసినా ఆరుతుంది. గంజి మాత్రం పెట్టకండి. తేమకు గంజి జిగటగా మారుతుంది, బూజుకూ వెండిచేప పురుగులకూ అదే తిండి.

పోచంపల్లి ఇక్కత్ కాటన్‌లో దారానికే ముందు రంగు వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పేరు పెరిగింది, దాంతోపాటు మిషను మీద ఇక్కత్ బొమ్మ అచ్చువేసిన నకిలీలూ పెరిగాయి. తిరగేసి చూస్తే అచ్చుబట్ట వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. అలాంటిదాని రంగు మొదటి వానకే లోపలి జాకెట్టుకు అంటుకోవచ్చు. కొన్నది ఏదైనా తెల్ల కాటన్ గుడ్డ తడిపి, లోపలి అంచు మీద పదిసార్లు రుద్దండి. రంగు దిగితే విడిగా చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు జాడించాకే కట్టుకోండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనేది నమ్మకమే. మిగిలిన రంగు పోయేది జాడిస్తేనే.

గద్వాల చీరను వానకు దూరంగా ఉంచడమే మంచిది. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ నేతలోనే కలుపుతారు. తడిస్తే నూలు ఒక తీరుగా, పట్టు ఒక తీరుగా ముడుచుకుని, కలిసిన చోట అంచు ముడతలు పడుతుంది. కట్టుకున్నప్పుడు తడిస్తే పిండకండి. మందపు తువ్వాల మీద పరచి, మరో తువ్వాలతో అద్ది, నీడలో వెడల్పుగా ఆరబెట్టి, కాస్త తేమ ఉండగానే వెనకవైపు నుంచి, పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేయించండి. జరీ చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, చెమ్మ బయటికి పోక జరీ నల్లబడుతుంది. ఉతికిన తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి, నెలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకుండా మూటగట్టి పెట్టాలి.

మగవాళ్లకు పండుగపూట తెల్ల ధోతి, తెల్లచొక్కా అలవాటు. వాన సూచన ఉంటే ధోతి అంచు మడమపైకి కట్టి, పైన తెలుపుకు బదులు పోచంపల్లి ఇక్కత్ చొక్కా వేయండి. ఫొటోలోనూ నిండుగా ఉంటుంది, పైన నీళ్లు పడ్డా ఇబ్బంది లేదు.

9. ఉతకడం, ఆరబెట్టడం

ఎర్రమట్టి మరకను తడిగా ఉన్నప్పుడు రుద్దితే సన్నటి మట్టి దారం లోపలికి దిగుతుంది. పూర్తిగా ఎండనివ్వండి, దులపండి, పొడి బ్రష్‌తో రాల్చండి, తరువాత బట్టను తిరగేసి వెనకవైపు నుంచి చల్లటి నీళ్లు ధారగా పోయండి. ఆపైనే సబ్బు. తెల్లబట్ట మీద ఎరుపు మిగిలితే నిమ్మరసం, ఉప్పు రాసి అరగంట ఎండలో ఉంచి జాడించండి. బ్లీచింగ్ పోయకండి; ఎర్రమట్టి రంగు ఇనుముది, బ్లీచింగ్‌కు అది పోదు సరికదా మరక ఇంకా పసుపుపచ్చగా ముదురుతుంది.

మన బోరునీళ్లలో సున్నం శాతం ఎక్కువున్న చోట సబ్బు నురగ రాదు, బట్టకు పొరలా అంటుకుంటుంది. ఆ పొరకే తేమా వాసనా పడతాయి. ఇలాంటి చోట సబ్బుబిళ్ల కన్నా పౌడరు, లిక్విడ్ నయం. వాన మొదలైన పది నిమిషాల తరువాత చూరునుంచి పట్టిన నీళ్లు మంచిబట్టల చివరి జాడింపుకు పనికొస్తాయి.

వాసన వచ్చేది తడి గంటలకొద్దీ నిలిచినచోట పెరిగే క్రిముల వల్ల. కాబట్టి ఉతికిన బట్టను బకెట్లో వదిలేయొద్దు. పిండాక పొడి తువ్వాల మీద పరచి, రెంటినీ కలిపి చాపలా చుట్టి, మోకాలితో నొక్కండి. మిగిలిన తడి చాలామటుకు తువ్వాలకు పోతుంది. ఇంట్లో దండెం మీద బట్టకూ బట్టకూ నాలుగు వేళ్ల సందు వదలండి. ప్యాంటును లోపలిభాగం బయటికి వచ్చేలా వేయండి, జేబులు బయటికి లాగండి. ఫ్యాను నడుస్తున్నప్పుడు ఒక కిటికీ తెరిచే ఉండాలి, లేదంటే తేమ గదిలోనే తిరుగుతుంది. వాసన పట్టిన బట్టను అత్తరుతో కప్పకండి. రంగు దిగని కాటన్ అయితే బాగా వేడినీళ్లలో అరగంట నానబెట్టి మళ్లీ ఉతకండి.

చిత్త కార్తె దాటాక రెయిన్‌కోటు ఎత్తిపెట్టేటప్పుడు ఒకసారి తుడిచి, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. పీవీసీది అయితే లోపల కాస్త టాల్కం పౌడరు చల్లండి. మడతపెట్టకుండా హ్యాంగరుకు వేలాడదీయండి. జేబుల్లో పాత బస్సు టికెట్లు, కాగితాలు ఉంటే తీసేయండి, బూజు మొదలయ్యేది వాటి నుంచే.